తొట్టి మూత మీద మా తోడికోడలు

నల్లది మొదటిసారి తాగి ముఖం చిట్లించని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఎంత గొప్పవాడైనా సరే, ఎన్నెన్ని వైన్లు రుచి చూశానని కోతలు కోసేవాడైనా సరే, మొదటి గుక్కకి కనుబొమలు ముడిపడతాయి, నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. పచ్చి అరటికాయ కొరికినంత వగరు. గ్లాసు కింద పెట్టేసి, మర్యాద కోసం "బాగుంది" అంటాడు. అప్పుడు మా తోడికోడలు, "బాలేదని చెప్పండి బాబూ, పర్లేదు. అదేం అనుకోదు. కాసేపాగి ఇంకో గుక్క తాగి చూడండి," అనేది.

రెండో గుక్కకి ఆ వగరు వెనక నుంచి బాగా ముగ్గిన పండు రుచి వస్తుంది. మిరియాల ఘాటు కొంచెం తగులుతుంది. మూడో గుక్కకి ఆ మనిషి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటాడు. ఇక లేవడు. ఆ తర్వాత ఇంకే ఎర్ర వైన్ ఇచ్చినా రంగు నీళ్ళు ఇచ్చారంటాడు. పీపాలో రెండేళ్ళు ఉంచితే గానీ అది మనుషుల్ని దగ్గరికి రానివ్వదు. అయినా సరే, ఒకసారి అలవాటు పడ్డవాడు దాన్ని వదిలి వెళ్ళడు. ముఖం చూసి బొట్టు పెట్టే రకం కాదది. యజమాని నోటినీ కూలివాడి నోటినీ ఒకేలా పట్టుకుంటుంది.

సీసా మీద దానికేదో పొడుగాటి పేరుంది. వైన్ చేసే నేలమాళిగలో పనిచేసేవాళ్ళం ఎవరమూ ఆ పేరు పలకం. గ్లాసులో పోసి వెలుగుకి పట్టుకుంటే అవతల వేలు కనపడదు, అందుకని నల్లది అంటాం. బట్ట మీద పడితే ఆ బట్ట మీద ఆశ వదులుకోవాలి. మా గోళ్ళు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటాయి. నలుగురిలోకి వెళ్ళినప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడటం మాకు అలవాటు.

పెద్ద పెద్దవాళ్ళు వచ్చి దాని గొప్పంతా నేలలో ఉందంటారు, ఎండలో ఉందంటారు, కొండవాలు రాళ్ళలో ఉందంటారు. ఉండొచ్చు, నేనేం కాదనను. మాళిగలోవాళ్ళని అడిగితే మాత్రం ఒకటే మాట చెప్తారు. పిప్పిలో ఉంది. ద్రాక్ష పిండితే వచ్చే రసానికి రంగుండదు. రంగూ వగరూ ఆ మొండితనమూ అంతా తొక్కలోనే ఉంది. మామూలు ఎర్ర వైన్‌కి తొక్కల్ని కొద్ది రోజులకే తీసేస్తారు. నల్లదానికి నెల దాటినా తియ్యరు. రసంలోనే పులిసి, నాని, చివరికి తొట్టి అడుగున మోకాలెత్తు బురదలా పేరుకుంటాయి. రసాన్ని పంపు లాగేస్తుంది. పిప్పిని ఏ పంపూ లాగదు. మనిషే దిగాలి.

మా తొట్లు నేలలోకి దించి కట్టిన సిమెంటు గదులు. పైన ఒక మనిషి పట్టేంత గుండ్రటి కంత, దానికి ఇనప మూత, మూతకి గడియ. లోపలికి నిచ్చెన. ద్రాక్ష పులిసేటప్పుడు చెడ్డగాలి పుడుతుంది. అది కంటికి కనపడదు. మామూలు గాలి కంటే బరువు, అందుకని నీళ్ళలా అడుగున నిలబడి ఉంటుంది. అందులో ముక్కు పెడితే కేక వెయ్యడానికి కూడా టైం ఉండదు. దిగే ముందు తాడుకి దీపం కట్టి లోపలికి వదలాలి. దీపం ఆరిందా, దిగకూడదు. ఫ్యాను పెట్టి గాలి తోలాలి. మాళిగలో అడుగు పెట్టిన మొదటి రోజు ఎవరికైనా చెప్పే మాట ఇదే. రెండో మాట కూడా ఒకటుంది. లోపల ఎవరైనా పడిపోతే వాళ్ళ కోసం దిగకూడదు. కన్నతండ్రైనా సరే దిగకూడదు. తొట్లలో పోయినవాళ్ళలో సగం మంది ఒకర్ని తీసుకొద్దామని దిగి పోయినవాళ్ళే.

రెండో మాటని అందరూ తలూపుతూ వింటారు. ఆ సమయం వచ్చినప్పుడు ఎవడికీ గుర్తుండదు.

మా ఇంట్లో మగవాళ్ళు ఇద్దరు. మా బావగారూ, మా ఆయనా. ఇద్దరికీ తొట్టి పనే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. మా ఆయన కుర్రాడిగా ఉండగానే మా తోడికోడలు ఆ ఇంటికి కోడలిగా వచ్చింది, ఆయన్ని చేతుల్లో పెట్టుకుని పెంచింది. "చిన్నోడా" అని పిలిచేది. పెళ్ళయి నేను వచ్చాక కూడా ఆ పిలుపు మారలేదు. ఇంత మీసం వచ్చినవాణ్ని పట్టుకుని చిన్నోడా ఏంటని నాకు ఒళ్ళు మండేది.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆవిడంటే నాకు పడేది కాదు. మనిషి ఎముకల గూడు. నోరు మాత్రం కత్తి. నేను కూర వండితే మూత తీసి వాసన చూసి, "దీన్నేం పాపం చేసిందని ఉడకబెట్టావే పిల్లా?" అనేది. మా అత్త పగలబడి నవ్వేది. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపంటారు, మా ఇంట్లో అది తిరగేసి! నేను కన్నీళ్ళు మింగుకుని నిలబడితే, ఆవిడ నా పక్కకి వచ్చి గరిటె లాక్కుని, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో చూపించేది. ఆ చూపించడంలో కూడా ముద్దేమీ ఉండదు. పని అయ్యాక చిన్న గ్లాసుడు నల్లది నిలబడే తాగేసి, పెదాలు తుడుచుకుని, "నువ్వూ తాగు. ముఖం అలా పెట్టకు. రేపటికి నీకే కావాలనిపిస్తుంది," అనేది. రేపటికి కాదు గానీ ఏడాదికి అనిపించింది. నల్లదీ కావాలనిపించింది, ఆవిడా కావాలనిపించింది. అప్పటి నుంచి ఆవిణ్ని అక్కా అనడం మొదలుపెట్టాను.

ఇక ఆ రోజు గురించి చెప్పాలి.

పిప్పి తీసే రోజులు. బావగారు లోపల పారతో పిప్పి బాల్చీలోకి ఎత్తుతున్నాడు. మా ఆయన పైనుంచి తాడుతో బాల్చీ లాగుతున్నాడు. అక్క దాన్ని తోపుడు బండిలో కుమ్మరించి పిండే మిషను దగ్గరికి తోస్తోంది. నేను పక్క తొట్టి దగ్గర గొట్టాలు కడుగుతున్నాను. దీపం వదిలారా అంటే వదిలారు. వెలుగుతోందా అంటే వెలుగుతోంది. ఎక్కడ వెలుగుతోందన్నదే ఎవరూ అడగని ప్రశ్న. దీపాన్ని అడుగు దాకా వదిలితే ఆరిపోతుంది, ఫ్యాను తెచ్చి పూటంతా గాలి తోలుకుంటూ కూర్చోవాలి, పని ఆగిపోతుంది. అందుకని మాళిగలో అందరూ దీపాన్ని మనిషి తల ఎత్తున కట్టడం మొదలుపెట్టారు. ఎప్పుడు మొదలైందో, ఎవడు మొదలుపెట్టాడో తెలీదు. నిటారుగా నిలబడి పొడుగు కర్ర పారతో ఎత్తుకుంటే చాలు, తల ఎత్తున గాలి బాగుంటే చాలు అనుకున్నారు. అలాగే ఏళ్ళ తరబడి జరిగిపోయింది కూడా.

బావగారి చేతిలోంచి పార జారి పిప్పిలో పడింది. అది తీసుకుందామని ఆయన వంగాడు. అంతే.

బాల్చీ ఎంతకీ బరువెక్కడం లేదని మా ఆయన కంతలోంచి తొంగిచూశాడు. అన్న బోర్లా పడి ఉన్నాడు. పైన దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. "అన్నయ్యా!" అని ఒక్క కేక పెట్టి మా ఆయన నిచ్చెన మీద కాలు పెట్టాడు. అక్క వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది. అలా ఎంతసేపు ఆపగలదు, ఆయన ముందు ఆవిడెంత? లాగిన ఊపుకి ఆయన వెనక్కి పడగానే ఆవిడ మూతని కాలితో తన్ని కంత మీదికి దొర్లించి, దాని మీద కూర్చుండిపోయింది. కూర్చుని, గొంతు చించుకుని అరిచింది. "ఫ్యాను! ఫ్యాను తీసుకురండి!" ఫ్యాను మాళిగ అవతలి కొసన ఇంకో తొట్టికి తిరుగుతోంది.

నేను గొట్టం పారేసి పరిగెత్తుకొచ్చేసరికి మా ఆయన ఆవిడ జుట్టు పట్టుకుని లాగుతున్నాడు. "లే! లేవవే! అన్నయ్య చచ్చిపోతున్నాడు!" అని అరుస్తున్నాడు. ఆయన వదినని ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. ఒక పాయ ఊడి చేతిలోకి వచ్చింది. ఆవిడ కదల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో మూత అంచుని పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత మా ఆయన లాగడం ఆపేశాడు.

ఎవరూ ఆపలేదు. ఆయనే ఆపాడు. చేతిలోని వెంట్రుకల్ని చూసుకుంటూ రెండడుగులు వెనక్కి వేసి, నేల మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. అది చూసింది ఇద్దరమే. అక్కా, నేనూ. అప్పటికి ఇంకెవరూ రాలేదు. కాసేపటికి ఫ్యానుతో నలుగురు పరిగెత్తుకొచ్చారు. అక్క మూత మీద నుంచి దిగింది, ఇద్దరు దాన్ని పక్కకి లేపారు, గాలి తోలారు, కొక్కేలతో బావగారిని పైకి లాగారు. ఏం లాభం! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

దిగి ఉంటే బతికించేవాడా? మాళిగలో ఎవర్నైనా అడగండి. రెండు శవాలు లేచేవి. ఆ రోజు నా మొగుడు నాకు మిగిలాడంటే ఆ ఎముకల గూడు మనిషి మూత మీద కూర్చోబట్టి. ఆ మాట నేను పైకి అనగలనా? "నీ మొగుడు పోయి నా మొగుడు మిగిలాడు, నీ మేలు మరిచిపోను అక్కా" అనాలా? చేతిలో పని వదిలేసి ఆవిడ ముందు నిలబడేదాన్ని. ఆవిడే చివరికి, "అలా చూస్తూ నిలబడకే, పని చూడు," అని కసిరేది.

మా అత్త ఊరుకుంటుందా? ఊరుకోలేదు. "మొగుడి మీద మూత పెట్టి కూర్చుందమ్మా! కట్టుకున్నది దిగుతుంది, లేదా దిగేవాణ్ని దిగనిస్తుంది. ఇది మూత పెట్టింది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చింది. కొడుకుని పోగొట్టుకున్న తల్లి, ఏమంటాం? అప్పటిదాకా అస్తమానం తిట్టే పెద్దకొడుకు పోయాక దేవుడయ్యాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. పెద్దకోడలు వడ్డిస్తే కంచం తోసేసేది, నేను వడ్డిస్తేనే తినేది. మాళిగలో కూడా ఆవిడతో కలిసి తొట్టి దగ్గర పనిచెయ్యడానికి ఒక్కడు ఒప్పుకోలేదు. పడితే మూతేస్తుంది అనేవారు. మీకు చెప్పిన రెండో మాట అదే కదరా వెధవల్లారా అని అరవాలనిపించేది నాకు.

యజమాని ఆవిణ్ని తీసుకెళ్ళి రుచి చూపించే గదిలో పెట్టాడు. వచ్చినవాళ్ళకి నల్లది పోసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. అలా మొదలయ్యాయి ఆ "కాసేపాగి ఇంకో గుక్క తాగండి" మాటలు. రెండేళ్ళు గడిచి ఆ తొట్టి వైన్ పీపాల్లోంచి సీసాల్లోకి వచ్చింది. ఎప్పుడూ లేనంత బాగుందని పేరొచ్చింది. పంపు తోడిన రసంలో, పిప్పి పిండిన రసం కూడా కొంత కలుపుతారు, దాంతోనే ఆ పట్టు వస్తుంది. ఆ ఏడు ఆ తొట్టి పిప్పి పిండారా, పారేశారా అని ఎవరూ నోరెత్తి అడగలేదు. సీసా తెరిచిన రోజు అక్క ఒక్క గుక్క తాగి, గ్లాసు కిందపెట్టి, "కలిపారే," అంది నాతో. ఆ రోజంతా అదే వైన్ వచ్చినవాళ్ళకి పోసింది. ఎవడో ఒక పెద్దమనిషి కళ్ళు మూసుకుని, దీంట్లో ఏదో లోతైన బాధ ఉందండీ అన్నాడు. వాడి నెత్తిన సీసా పగలగొట్టాలనిపించింది నాకు. అక్క మాత్రం, "వగరు బాబూ, అంతే. ఇంకో గుక్క తాగండి," అంది.

అందరూ అక్కని చూస్తున్నారు. నేను మా ఆయన్ని చూస్తున్నాను.

ఆయన పొద్దున్నే తాగడం మొదలుపెట్టాడు. తినడం మానేశాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు. వదినతో మాటల్లేవు, ఆవిడ గదిలోకి వస్తే ఈయన బయటికి పోయేవాడు. అన్నని చంపిన మనిషి మీద కోపం అని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు అది కాదని. ఒకరోజు కుడి చెయ్యి ముందుకి చాపి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఏంటండీ అలా చూస్తారు?" అన్నాను.

"ఈ చేత్తో నిండు పీపాలు దొర్లిస్తాను. ఒక ఆడమనిషిని లేపలేకపోయానా?" అన్నాడు.

"దిగితే మీరూ పోయేవారు. ఇప్పుడివన్నీ ఎందుకు?"

"పోతానని తెలిసే ఆపేశాను," అన్నాడు. "చచ్చిపోతానని భయమేసింది. వదిన ఆపిందని అందరికీ చెప్పుకుంటున్నా. వదిన ఆపలేదు. నేనే ఆగాను."

నేనేమన్నా ఆయనకి ఎక్కలేదు. ఎన్ని రకాలుగా చెప్పానో! బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మనిషి నా కళ్ళ ముందే కరిగిపోతున్నాడు. చెంపలు లోపలికి పోయాయి, లాగు నడుం మీద నిలవడం లేదు. ఈయన ఎక్కువకాలం ఉండడని నాకు అర్థమైపోయింది. ఎలా పోతాడో ఒక్కటే తెలీదు.

అది కూడా తెలిసింది. మళ్ళీ పిప్పి తీసే రోజులు. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళినప్పుడు నేను క్యారియర్ పట్టుకుని మాళిగకి వెళ్ళాను. తొట్టి మూత తీసి ఉంది. దీపం వెలిగించకుండా గోడ పక్కన పెట్టి ఉంది. మా ఆయన నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు, కంతలోంచి భుజాలూ తలా మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. తాగి లేడు. చాలా ప్రశాంతంగా ఉన్నాడు. అది చూసి క్యారియర్ కింద పెట్టేశాను.

"రండి పైకి," అన్నాను.

"నువ్వెళ్ళు."

"రండి, మీకు దండం పెడతాను!"

"ఇక్కడ నుంచి వంగడమే కదా," అన్నాడు. "అన్నయ్యకి నొప్పి తెలిసుండదు. వెళ్ళిపో. దగ్గరికొస్తే ఇప్పుడే దూకేస్తా."

నేను పట్టుకుని ఆపలేను. మీద పడి మూత వెయ్యడానికి తలే అడ్డం. ఎవర్ని పిలవను? అత్తనా? ఆలోచించలేదు, నా కాళ్ళు రుచి చూపించే గదికి పరిగెత్తాయి. అక్క ఎవరికో గ్లాసులో పోస్తోంది. నా ముఖం చూసి, సీసా బల్ల మీద పెట్టేసి నా వెనకే వచ్చింది. దారిలో రెండు ముక్కల్లో చెప్పాను. ఆగాను అంటున్నాడక్కా, నేనే ఆగాను అంటున్నాడు, అని చెప్పాను.

అక్క వచ్చి తొట్టికి కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది. గిన్నెలు తోమడానికి కూర్చున్నట్టు, ఏ తొందరా లేనట్టు.

"చిన్నోడా," అంది.

"నాతో మాట్లాడొద్దు," అన్నాడాయన.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఒకటి చెప్పి పోతాను. విన్నాక దిగుతావో ఎక్కుతావో నీ ఇష్టం. ఆ రోజు నువ్వు నా జుట్టు పట్టుకుని లాగావు కదా. మధ్యలో వదిలేశావు. వదలకుండా నన్ను లాగి అవతల పారేసినా లాభం లేకపోయేది. నేను అప్పటికే గడియ వేసేశాను."

ఆయన తల ఆవిడ వైపు తిరిగింది.

"ఏంటీ?"

"గడియ వేశాను. కూర్చోవడంతోనే చెయ్యి కింద పెట్టి లాగేశాను. ఆ గడియ బిగువు నీకు తెలుసుగా, సుత్తితో కొడితే గానీ రాదు. నువ్వు ఆగావు, ఆగలేదు, అదంతా ఉత్తిమాట. నీకు దిగే దారే లేదు."

"అన్నయ్య..."

"పిలిచాడు," అంది అక్క. గొంతు ఏమాత్రం వణకలేదు. "చిన్నోడా అని పిలిచాడు. నీ అరుపుల్లో నీకు వినపడలేదు. నాకు కింద నుంచి వినపడింది."

"బతికే ఉన్నాడా? అన్నయ్య బతికుండగానే గడియ వేశావా?"

"ఇద్దరూ పోతే నన్నెవరు చూస్తారు? ఒక్క మగదిక్కైనా ఉండాలిగా ఇంటికి. నా సంగతి నేను చూసుకున్నాను."

అప్పుడు మా ఆయన నా వైపు చూశాడు. "నువ్వక్కడే ఉన్నావుగా," అన్నాడు. "చెప్పు. గడియ వేసిందా?"

నేను అక్కడే ఉన్నాను. ఆవిడ రెండు చేతులూ మూత అంచు మీద ఉండటం చూశాను. ఆవిడ దిగాక ఇద్దరు మనుషులు మూతని ఊరికే అలా పక్కకి లేపడం చూశాను. గడియ జోలికి ఎవరూ పోలేదు, సుత్తి ఎవరూ తేలేదు. లోపల నుంచి ఏ పిలుపూ రాలేదు, వంగినవాడు వంగినట్టే పోయాడు. ఆ సమయంలో మా ఆయన మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాడు కాబట్టి ఆయనకేదీ తెలీదు. అక్క నా వైపు చూడలేదు. చూసి ఉంటే నా వల్ల అయ్యేది కాదేమో. తన గోళ్ళ వంక చూసుకుంటూ కూర్చుంది.

"వేసింది," అన్నాను.

ఆయన నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. అంత వేగంగా నడవగలడని నేను మరిచిపోయాను. వచ్చి ఆవిడ చెంప మీద కొట్టాడు. ఆ చిక్కిపోయిన చేతిలో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో! ఆవిడ పక్కకి పడి, లేచి మళ్ళీ కూర్చుంది. "రాక్షసి!" అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను... నేనే అనుకుని..." అని ఇంక మాట రాక, నోరు తెరిచి పసిపిల్లాడిలా ఏడ్చాడు. అన్న పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి. ఏడుస్తూనే ఇంటికి నడిచాడు.

సాయంత్రానికి అక్క పెట్టె వీధిలో ఉంది. "నేను మొదటి నుంచీ చెప్పలేదా!" అని మా అత్త గుమ్మంలో నిలబడి చేతులు తిప్పుతూ అరుస్తోంది. ఇరుగుపొరుగు బయటికి వచ్చి చూస్తున్నారు. నేను లోపల నిలబడి ఉన్నాను. అక్క పెట్టె తీసుకుంటూ ఒక్కసారి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, నోరు తెరవకు అన్నట్టు. తర్వాత మాళిగ ఉన్న వైపు కాకుండా రెండో వైపు నడిచి వెళ్ళిపోయింది.

మా ఆయన ఆ వారంలోనే తిండికి కూర్చున్నాడు. పొద్దుటి తాగుడు మానేశాడు. ఒళ్ళు చేశాడు. కోపం మనిషిని బతికిస్తుందని నేను ఎక్కడా వినలేదు గానీ కళ్ళారా చూశాను. పోనుపోను తొట్లకి మేస్త్రీ అయ్యాడు. దీపాన్ని అడుగు దాకా వదలనివాణ్ని పనిలోంచి తీసేసేవాడు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళని కూర్చోబెట్టి, మా వదినని ఒకావిడ ఉండేది, అని మొదలుపెట్టి, గడియ సంగతీ పిలుపు సంగతీ చెప్పేవాడు. అన్న పిలిచిన గొంతు ఎలా ఉందో కూడా చెప్పేవాడు. నేను క్యారియర్ పట్టుకుని నిలబడి విని, అది ఆయన ముందు పెట్టి వచ్చేసేదాన్ని.

అక్క పక్క ఊళ్ళో సీసాలు కడిగే చోట పనికి కుదిరింది. అక్కడే వెనక ఒక గది. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఏదో వంక పెట్టి వెళ్ళేదాన్ని, సంచిలో ఒక నల్లది సీసా పెట్టుకుని. సీసాలు కడిగే సోడా నీళ్ళలో నాని ఆవిడ వేళ్ళు పగిలి ఉండేవి. గోళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. ఇద్దరం తలా ఒక గ్లాసు పోసుకుని కూర్చునేవాళ్ళం. ఆవిడ ఎప్పటిలా నిలబడి కాదు, కూర్చునే తాగేది, చాలాసేపు తాగేది. నోట్లో కాసేపు ఉంచుకుని, "ఈ ఏడు తొక్కలు తొందరగా తీసేశారే," అనో, "ఇది బాగుంది, పట్టు ఉంది," అనో అనేది. ఇంట్లోవాళ్ళ మాట తనంతట తాను ఎత్తేది కాదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "అక్కా, నిజం చెప్పేస్తాను. ఇప్పుడు గట్టిపడ్డాడు, తట్టుకుంటాడు," అన్నాను.

గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "తట్టుకోకపోతే?" అంది.

నేను సీసా అందుకోబోయాను, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను పెంచినవాడే పిల్లా. నాకు తెలుసు వాడు ఎంతకి తట్టుకుంటాడో. నోరు విప్పావంటే నీ ముఖం చూడను."

ఆవిడ ముఖం చూడకపోతే నాకు ఎవరున్నారు? నోరు విప్పలేదు. తప్పో ఒప్పో నన్ను అడక్కండి. ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే ఆయన కూడా లేడు కాబట్టి. తొట్టిలో కాదు, తాగి కాదు, ముసలాడై, ఇంట్లో మంచం మీద, నా చేతి నీళ్ళు తాగి పోయాడు. మా అత్త అంతకు ముందెప్పుడో పోయింది. ఇంక ఈ నిజం విని చచ్చిపోయేవాళ్ళెవరూ మిగల్లేదు.

అక్క ఆయన కంటే చాలా ముందే పోయింది. సీసాలు కడిగే చోటి నుంచి ఒకామె వచ్చి చెప్పింది. జ్వరం అంది, రెండు మూడు రోజులు లేవలేదంది. మేము వంటింట్లో ఉన్నాం. మా ఆయన పని నుంచి వచ్చి అప్పుడే చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఆమె చెప్పింది విని, "పీడ విరగడైంది," అన్నాడు. అని కంచం ముందుకి లాక్కున్నాడు.

గరిటె నా చేతిలో ఉంది. ఆ క్షణంలో చెప్పెయ్యాలనిపించింది, కంచం ఎత్తి నేలకేసి కొట్టి, నువ్వు తింటున్న ప్రతి ముద్దా ఆవిడ పెట్టిందేరా అని అరవాలనిపించింది. ఆయన తింటున్నాడు. చెంపలు నిండుగా ఉన్నాయి, చేతులు గట్టిగా ఉన్నాయి. ఆకలితో తింటున్నాడు. "ఇంకొంచెం పెట్టు," అన్నాడు.

ఇంకొంచెం పెట్టాను.